బంద్‌కు షట్టర్ దించిన వెబ్‌సైట్

ఎదురు షాపాయన అంటే నాకు కుళ్లు. ఈ మాటను పట్టుబట్టలో చుట్టి చెప్పడం నాకు రాదు. ఆయన నాకు చేసిన ద్రోహం ఏమీ లేదు. నా సరుకు ఎత్తుకుపోలేదు, నా పనివాళ్లను లాక్కోలేదు, ఎదురుపడితే నమస్కారం పెట్టకుండా పోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ నెట్ సెంటర్‌లో కూర్చుని మా ధంధా పేరూ మా ఏరియా పేరూ కొట్టినా మొదట ఆయన షాపు వచ్చేది. నాది వచ్చేది కాదు. అంతే. మనిషిని లోపల్లోపల తినేయడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదని అరవైకి దగ్గర పడ్డాక తెలిసింది నాకు.

మాది సప్లయింగ్ కంపెనీ. పెళ్లికైనా చావుకైనా షామియానాలు, కుర్చీలు, కింద పరిచే జంఖానాలు, వంటకు పెద్ద పెద్ద దేగిషాలు కిరాయికిచ్చే వ్యాపారం. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో ఒక సేటు దగ్గర గుంజలు పాతే పనికి కుదిరాను. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఒంటి షట్టర్ షాపు గది, అదే మల్గి, ఒకటి కిరాయికి తీసుకుని నా బోర్డు నేను పెట్టుకున్నాను. బడి చదువు ఐదో తరగతితో సరి. మిగతాదంతా గిన్నెలు చుట్టి తెచ్చిన పాత పేపర్లలో, కోఠి ఫుట్‌పాత్ మీద దొరికే పుస్తకాల్లో చదువుకున్నాను. డిగ్రీలున్నవాళ్లు నా ఇంగ్లీషు విని నవ్వేవాళ్లు. నవ్వుతూనే నాతో దరఖాస్తులు రాయించుకునేవాళ్లు.

మా వ్యాపారానికి ఒక పట్టింపు ఉండేది. చావు ఇంటికి షామియానా ఇస్తే బేరం మాట్లాడకూడదు. వాళ్లు ఇచ్చినంత తీసుకోవాలి, ఇవ్వకపోతే అడగకూడదు. ఆ ఇంట్లో తర్వాత జరిగే పెళ్లి ఎవరూ చెప్పకుండానే మనదవుతుంది. ఆ పెళ్లికి వచ్చినవాళ్లలో ఇంకో రెండు ఇళ్లు మనవవుతాయి. ఇట్లా నోటి మాట మీద, కన్నీళ్ల మీద, పప్పన్నాల మీద నా పేరు కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా పాకింది. దానికి నేను పెట్టిన ఖర్చు ఓపిక ఒక్కటే.

అలాంటి చోటికి ఆయన వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, నాకన్నా బాగా చిన్నవాడు. నా షాపుకు సరిగ్గా ఎదురుగా గాజు తలుపు పెట్టించాడు. గిన్నెలు అద్దెకిచ్చే షాపుకు గాజు తలుపేమిటని గల్లీలో అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. బోర్డు మీద షామియానా అనే మాటే లేదు, 'ఈవెంట్స్' అని ఉంది. లోపల గిన్నె ఒక్కటీ కనిపించదు. సోఫా, దాని ముందు కంప్యూటరు. గిన్నెలన్నీ ఎక్కడో గోడౌన్‌లో. వచ్చినవాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, మంటపాల బొమ్మలు చూపించి, చల్లటి నీళ్లిచ్చి పంపేవాడు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని నా మల్గి మెట్టు మీద కూర్చుని ఆ గాజు తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో చూసేవాణ్ణి. చాయ్ చల్లారిపోయేది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎక్కడ చూసినా రిలే నిరాహార దీక్షలు. దీక్ష అంటే ముందు కావలసింది నీడ. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి షామియానా నాదే. కిరాయి అడగలేదు, అడిగే ఉద్దేశమూ లేదు. అంచు మీద ఎర్ర రంగుతో నా షాపు పేరు రాసి ఉండేది. పేపర్లో ఫోటో పడితే కూర్చున్నవాళ్ల తలల మీదుగా నా పేరు కనబడేది. ఇంకేం ప్రచారం కావాలని మురిసిపోయేవాణ్ణి. ఆ ఫోటో చూసినవాళ్లు ఉద్యమాన్ని చూశారు గాని గుడ్డ అంచు చదవలేదు. అది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

నా షాపు నిజంగా నిలబడింది ఎల్బీనగర్ దాటాక ఉన్న ఒక ఫంక్షన్ హాలు మీద. హాలు యజమాని మా మండలం మనిషి. అది కట్టకముందు ఖాళీ స్థలంలో ఆయన కొడుకు పెళ్లి చేస్తే మొదటి గుంజ పాతింది నేను. అప్పటినుంచి హాలులో ఏ పెళ్లి జరిగినా వంట గిన్నెలూ, మంటపం సామానూ నా దగ్గరి నుంచే పోయేవి. ఏడాదిలో నా పని సగానికి పైగా అక్కడిదే. ఆయనకు పక్షవాతం వచ్చి మంచం పట్టాక హాలు వ్యవహారం కూతురు చూసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు పిలిపించింది.

"పెద్దనాయినా, ఏమనుకోకు" అంది. మాట అట్లా మొదలైందంటే అనుకోవాల్సింది ఏదో ఉందన్నమాటే.

"చెప్పు బిడ్డా."

"హాలు బుక్ చేసుకునేటోళ్లు సామాన్లు ఎవరిస్తరు అని అడుగుతుండ్రు. నీ పేరు చెప్తున్న. వాళ్లు ఇంటికి పోయి నెట్ల కొట్టి చూస్తుండ్రు. నువ్వు యాడ కనవడ్తలేవు. అసలు ఈయన ఉన్నడా అంటుండ్రు."

"ఉన్ననో లేనో మీ బాపును అడుగుమను."

"బాపు చెప్తడు. పెండ్లోళ్లు బాపును అడగరు గద! వాళ్లే నెట్ల ఇంకొకాయనను చూసుకొని ఒస్తుండ్రు. నీ ఎదురుంగనే ఉంటడంట."

"అయితే ఏమంటవ్ మరి?"

"మాఘమాసం దాక చూస్త. గప్పటికి నువ్వు నెట్ల మంచిగ కనవడితే హాలు నీదే. లేకుంటే వాళ్లు ఎవరిని అడిగితే వాళ్లకు ఇయ్యాలె. నేను కొత్తగ కూసున్న పెద్దనాయినా, జర అర్థం చేసుకో."

అర్థం చేసుకున్నాను. హాలు పోతే నా షాపులో మిగిలేవి చావు షామియానాలే. వాటికి బేరం ఆడకూడదని నేనే పెట్టుకున్న నియమం. అంటే షాపు మూతపడుతుంది. పైగా పోయేది ఆయన దగ్గరికి, నా కళ్ల ముందు, నా గల్లీలోనే.

వెబ్‌సైట్ ఎవరు చేస్తారో నాకు తెలియదు. తెలిసింది ఫ్లెక్సీ షాపతను ఒక్కడే. ఉద్యమం రోజుల్లో గడ్డిఅన్నారంలో అతని మిషన్ ఆగిందే లేదు. నన్ను కాకా అని పిలిచేవాడు. అడగ్గానే, "వెబ్‌సైట్ గూడ చేస్తం కాకా, ఫ్లెక్సీ చేసినట్టే" అన్నాడు. నిజంగానే ఫ్లెక్సీ చేసినట్టే చేశాడు. నడుమ నేను దండం పెడుతూ. నా వెనక తెలంగాణ పటం. పైన జై తెలంగాణ. ఒక పక్క షామియానా, ఒక పక్క దేగిష, కింద ఫోన్ నంబరు. అక్షరాల చుట్టూ మెరుపులు. మొత్తం కలిపి ఒకటే బొమ్మ. కంప్యూటర్లో అది పైనుంచి కిందికి మెల్లగా, తెర దిగినట్టు దిగేది. ముందు పటం, తర్వాత నా తల, తర్వాత నా చేతులు. నేను అందరినీ పిలిచి చూపించాను. ఇంత ముచ్చటైనది ఎదురాయన దగ్గర లేదని నాకు గట్టి నమ్మకం.

కాని ధంధా పేరు కొడితే రాదు. ఏరియా పేరు కొడితే రాదు. షాపు పూర్తి పేరు అక్షరం తప్పకుండా కొడితే మాత్రం ఎక్కడో కింద వచ్చేది.

"ఓపిక పట్టాలె కాకా. నెట్ల ఎక్కనీకి టైం పడ్తది" అనేవాడు ఫ్లెక్సీ అతను. ఆ మాట నేను నమ్మాను. నా పేరు పాకడానికి కూడా టైం పట్టింది కదా.

ఈలోపు బంద్‌లు. మా గల్లీలో బంద్ అంటే మొదట షట్టర్ దించేది నేను. ఎవరైనా సగం దించి కింద నుంచి బేరం చేస్తుంటే పోయి పూర్తిగా దింపించేదీ నేనే. అరవై తొమ్మిది ఉద్యమంలో చిన్నవాణ్ణి, అప్పుడు లాఠీ దెబ్బ తిన్న మోకాలు చలికాలంలో ఇప్పటికీ గుర్తు చేస్తుంది. అటువంటి నాకు ఒక సందేహం వచ్చింది. షట్టర్ దించి వెబ్‌సైట్ తెరిచి పెట్టుకోవడం ఏం నీతి? ఫ్లెక్సీ అతనికి ఫోన్ చేశాను.

"రేపు బంద్. సైట్ బంద్ పెట్టు."

"సైటా? దానికి షట్టర్ ఏడుంది కాకా?"

"లేకుంటే పెట్టు. షాపు మూసినంక సైట్ల దుకాణం నడుస్తదా? ఎవరన్న చూస్తే ఏమంటరు?"

"ఎవరు చూస్తరు కాకా! మామూలు దినాలల్లనే ఎవరు చూస్తలేరు."

"నువ్వు ముయ్యి."

మూశాడు. అట్లా ప్రతి బంద్‌కూ మూశాడు. తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. సమ్మె అయ్యేదాకా సైట్ తెరవొద్దని చెప్పాను. అతనూ శిబిరాల వెంట తిరుగుతున్నాడు, తెరిచే తీరికా లేదు.

ముహూర్తాలు మాత్రం సమ్మెలో లేవు. దసరా దాటాక పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లు ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకు పోయి షాపులు చూసే వీలు లేక, ఇంట్లోనే కూర్చుని నెట్‌లో వెతికారు. ఎదురు షాపాయన కూడా షట్టర్ దించాడు, అది ఒప్పుకోవాలి. కాని దించిన షట్టర్ వెనక గాజు తలుపు లోపల ఫోను మోగుతూనే ఉండేది. నేను నా మెట్టు మీద కూర్చుని ఆ మోత వినేవాణ్ణి. ఒకటి ఆగితే ఇంకొకటి. లోపలి ఫోను ఆగితే ఆయన జేబులోది మొదలు. ఒకరోజు ఆయన గల్లీలో నిలబడి ఎవరికో మంటపం రంగులు చెబుతుంటే నా వల్ల కాలేదు.

"షట్టర్ దించినవ్ గని దుకాణం నడుస్తనే ఉన్నది గదా!" అన్నాను, అందరికీ వినబడేటట్టు.

ఆయన ఫోన్ చెవి నుంచి తీశాడు. "ఫోనొస్తే ఎత్తకుండా ఎలాగండి బాబాయ్‌గారూ? వచ్చే నెల పెళ్లికి అడుగుతున్నారు."

"నీ వెబ్‌సైట్ గూడ తెరిచే ఉన్నదంట."

"అదెప్పుడూ తెరిచే ఉంటుందండి."

"నేను మూసిన."

ఆయన నా మొహంలోకి చూశాడు. "వెబ్‌సైటు మూశారా? బంద్‌కా?"

"బంద్‌కే."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే కొట్లాడేవాణ్ణి, మనసు తేలికయ్యేది. "అయ్యయ్యో, మూయకూడదండి" అన్నాడు. ఆ అయ్యయ్యోకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నామీద జాలిపడే హక్కు ఈయనకెవరు ఇచ్చారని ఇంటికి పోయి మా ఇంటామెను అడిగాను. అప్పటికి మేము అల్మాస్‌గూడలో ఉంటున్నాం. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఎదురింట్ల పప్పు ఉడికితే మన పొయ్యి ఆరిపోయినట్టు మాట్లాడ్తవేందయ్యా నువ్వు?"

"ఆరిపోతనే ఉన్నది. నీకు కనవడ్తలేదు."

"గాయనకేం, మంచిగనే మాట్లాడ్తడు. మొన్న ఎదురొస్తే పిన్నిగారూ అని మొక్కిండు."

ఆయన మొక్కు ఇంటిదాకా వచ్చిందని ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

సమ్మె ముగిసింది. ఫ్లెక్సీ అతను సైట్ తెరిచాడు. నేను నెట్ సెంటర్‌కు పోయి షాపు పూర్తి పేరు కొట్టాను. రాలేదు. మునుపు ఎక్కడో కింద వచ్చేదని చెప్పాను కదా, అదీ లేదు. పేజీ తర్వాత పేజీ తిప్పాను. నా పేరులో సగం ఉన్న వేరే ఊరి కిరాణా కొట్లు వచ్చాయి, ఎవరిదో పెళ్లి సంబంధం వచ్చింది. నేను రాలేదు. బతికున్న మనిషి పేరు రేషన్ కార్డులోంచి కొట్టేసినట్టుంది. ఎదురాయనే ఏదో చేసి తీసేయించాడని చాయ్ హోటల్లో చెప్పాను. కొందరు నమ్మారు కూడా. ఆ రోజుల్లో అలాంటి మాట ఇట్టే నమ్మేవాళ్లు.

వాళ్లు నమ్మినంత మాత్రాన నా పేరు తిరిగి రాలేదు. అప్పుడు నాకు తెలిసిన పని చేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కన జిరాక్స్ షాపుల్లో ఏ చదువుకైనా నోట్సు దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ పిల్లల కోసం పెట్టిన వెబ్‌సైట్ల నోట్సు, స్పైరల్ బైండింగ్ వేసింది, ఒకటి కొనుక్కున్నాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని మధ్యాహ్నాలు షాపులోనే చదివాను. అర్థం కాని పేజీలు వదిలేయలేదు, మళ్లీ చదివాను.

అందులో ఉన్నదేమిటంటే, వెతికే యంత్రం తన మనుషుల్లాంటి వాటిని లోకంలోని సైట్లన్నిటికీ పంపుతూ ఉంటుంది. మనుషులంటే మనుషులు కాదు, అదో రకం నడిచే ప్రోగ్రాం. అది వచ్చి అక్షరాలు చదువుకుని పోతుంది. బొమ్మలోని అక్షరాలు దానికి కనబడవు. అంటే నా ఫ్లెక్సీ ముందు నిలబడి అది చదివింది శూన్యం. ఇంకో సంగతి, అది వచ్చినప్పుడల్లా తలుపు మూసి ఉంటే, కొన్నాళ్లు చూసి, ఇక్కడెవరూ లేరని నీ పేరు తన లెక్కలోంచి తీసేస్తుంది.

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. నాకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు. షాపు మూసి తాళం వేసుకుని పారిపోయినవాడూ, అన్నం మానుకుని కూర్చున్నవాళ్ల కోసం షట్టర్ దించినవాడూ దానికి ఒకటేనా? మా ఊళ్లో బంద్ ఉంటే పక్క ఊరి పాలవాడికి తెలుస్తుంది. లోకమంతా తిరిగే దానికి తెలియదా? తెలియదు. దానికి కావలసింది తెరిచిన తలుపు. నేను ఎందుకు మూశానో దానికి చెప్పుకునే చోటు కూడా ఎక్కడా లేదు.

తర్వాత ఎదురాయన సైట్ మొత్తం చదివాను, పరీక్షకు చదివినట్టు. చదివేకొద్దీ కడుపు మండింది, ఎందుకంటే అందులో గొప్ప ఏమీ లేదు. పెళ్లివాళ్లు ఫోన్ చేసి అడిగే మాటలే ప్రశ్నలుగా పెట్టి జవాబులు రాశాడు. ఇంతమందికి ఏ గిన్నెలు కావాలి? వాన వస్తే ఏం చేయాలి? మేడ మీద షామియానా కట్టొచ్చా? ఎన్ని రోజుల ముందు చెప్పాలి? నాకు తెలియనిది ఒక్కటి లేదు. పైగా ఒకచోట తప్పు రాశాడు. ఐదు వందల మందికి ఆయన చెప్పిన దేగిష పట్టదు, అన్నం మాడుతుంది. అది దొరికినప్పుడు నాకు పండగైంది. కాని ఆ తప్పు కూడా మొదటి పేజీలో ఉంది. నా తప్పులేని తెలివి నా బుర్రలో ఉంది. నా సైట్‌లో ఉన్నది నా మొహం. పెళ్లి పనుల్లో ఉన్నవాడు నా మొహం చూడడానికి నెట్‌లోకి ఎందుకొస్తాడు?

రాయడం మొదలుపెట్టాను. షామియానా నడుమ నీళ్లు నిలవకుండా గుంజ ఎంత ఎత్తు ఉండాలో రాశాను. పలావుకు వేరు, పప్పుకు వేరు గిన్నెలు ఎందుకో రాశాను. చావు ఇంట్లో షామియానా కట్టేటప్పుడు మేకులు చప్పుడు కాకుండా ఎట్లా దిగ్గొట్టాలో రాశాను. అది ఎదురాయన సైట్‌లో లేదు. ఆయన చావులకు ఇవ్వడు. రాసిందంతా నెట్ సెంటర్‌లో ఒక వేలితో నేనే కొట్టి ఫ్లెక్సీ అతనికిచ్చాను.

"గింత రాస్తే ఎవరు సదువుతరు కాకా?"

"గా నడిచే ప్రోగ్రాం సదువుతది. దానికి వేరే పనేముంది?"

"మరి నీ ఫోటో?"

"కిందికి దించు."

కొన్ని వారాలకు నా పేరు వచ్చింది. ముందు ఎక్కడో అడుగున, తర్వాత కొంచెం పైకి. ఊడిన గోరు మళ్లీ పెరిగినట్టు, చూస్తుంటే కదలదు, చూడనప్పుడు కదులుతుంది. నేను చూడకుండా ఉండలేను కదా. ఇంతలో మాఘం వచ్చేసింది. హాలు అమ్మాయి ఫోన్ చేసింది.

"పెద్దనాయినా, ఒస్తున్నవ్, చూసిన. గని నాలుగో పేజీల ఒస్తున్నవ్. గంత దూరం ఎవరు పోతరు చెప్పు?"

"ఇంకొన్ని దినాలు ఆగు బిడ్డా."

"ముహూర్తాలు ఆగవు గద. ఈసారికి ఆయనకే ఇచ్చిన. కోపం చెయ్యకు."

కోపం చేయలేదు. నా మెట్టు మీద కూర్చున్నాను. ఆయన ట్రాలీలో దేగిషాలు ఎక్కిస్తున్నారు, నేను మొదటి గుంజ పాతిన హాలుకు. మనవాడు కాని పెళ్లికొడుకును ఊరేగిస్తుంటే చూసినట్టు చూశాను.

ఆ మాఘంలోనే ఒక పెళ్లి రోజు ఉన్నట్టుండి బంద్ వచ్చింది. నేను మామూలుగానే షట్టర్ దించి మెట్టు మీద ఉన్నాను. పొద్దున్నే హాలుకు పోయిన ఆయన ట్రాలీ ఎల్బీనగర్ చౌరస్తాలో ఆపేస్తే వెనక్కి తిరిగొచ్చింది. ఆయన దాని చుట్టూ రెండు సార్లు తిరిగి, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్‌గారూ, మీ వ్యాన్ అయితే పోనిస్తారండి. అక్కడ శిబిరం మీ షామియానా కిందే కదా."

"నీ వెబ్‌సైట్‌ను అడుగు, తోవ చూపెడ్తది" అన్నాను. చాలా కాలంగా నోట్లో నానుతున్న మాట అది. నోరు తీపెక్కింది.

ఆయన తల వంచుకున్నాడు. "నన్ను అనండి, పడతాను. ఆడపిల్ల పెళ్లండి. వంటవాళ్లు ఖాళీ పొయ్యిల ముందు కూర్చున్నారట. జనం వచ్చేస్తున్నారు."

బంద్ రోజు నేను షట్టర్ ఎత్తింది లేదు. ఆ హాలులో పెళ్లివాళ్లు పస్తులతో పోయిందీ లేదు. రెండిట్లో ఏదో ఒకటి ఆ రోజు పోవాలి. నేను లేచింది ఆడపిల్ల కోసమో, హాలు కోసమో, ఆ అమ్మాయి ముందు తల ఎత్తుకుని నడవడానికో ఇప్పుడు విడదీసి చెప్పలేను. షట్టర్ నడుము దాకా ఎత్తాను.

"ఎందరు తింటరు?"

"ఐదు వందలండి."

"గా గిన్నెలు చాలవు. అన్నం మాడ్తది. మంటపం సామాను నీది ఎయ్, దేగిషాలు నావి ఎయ్."

చౌరస్తాలో కుర్రాళ్లు వ్యాన్‌కు అడ్డం నిలబడ్డారు. నన్ను చూసి ఒకడు గుర్తుపట్టాడు.

"ఏం కాకా, బంద్ నాడు నువ్వే బండి తీసినవా?"

"పెండ్లి అన్నం రా. బంద్ అని ఆకలి ఆగుతదా?"

"ఎవరి సామాన్లు?"

"నావే" అన్నాను. సగం నిజం.

"జై తెలంగాణ అను, పోనిస్తం."

"నీ అయ్య లాగుల్లేకుండ తిరిగేటప్పటి నుంచి అంటున్న రా నేను. జరుగు."

నవ్వి జరిగారు. ఒకడు వ్యాన్ వెనకెక్కి హాలు దాకా వచ్చి దేగిషాలు దింపించాడు కూడా. పెళ్లిపిల్ల తండ్రి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. హాలు అమ్మాయి వరండాలోంచి చూస్తోంది. నేను అటు చూడనట్టు నటించాను. ఆ పూట అన్నం మాడలేదు.

కొన్నాళ్లకు అలవాటు ప్రకారం నెట్ సెంటర్‌లో కూర్చుని ఎదురాయన సైట్ తెరిచాను. అందులో పెళ్లి చేసుకున్నవాళ్లు తమ అభిప్రాయం రాసే చోటు ఒకటుంది. ఆ తండ్రి రాశాడు, పెద్ద ఉత్తరమంత. బంద్ రోజున, అన్ని బళ్లూ ఆగిపోయిన రోజున, వీళ్ల షాపు పెద్దాయన స్వయంగా వ్యాన్‌లో కూర్చుని సామాను తెచ్చాడనీ, ఐదు వందల మందికి సరైన గిన్నెలు ఎంచి మరీ తెచ్చాడనీ, ఇలాంటివాళ్లను జన్మలో చూడలేదనీ. దాని కింద ఇంకెవరో మెచ్చుకున్నారు. ఆ పెద్దాయన నేను. ఆ షాపు నాది కాదు. ఆ తండ్రి తప్పేం లేదు, ఆయన మాట్లాడుకున్నది ఎదురాయనతో. నా పేరు ఆయనకెవరు చెప్పారు?

ఆ గాజు తలుపు తోసుకుని లోపలికి పోవడం అదే మొదటిసారి. సోఫాలో కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"గది చూసినవా?"

"చూశానండి. మీ గురించే. ఎంత బాగా రాశారో!"

"నా గురించి రాస్తే నీ దుకాణంల ఎందుకున్నది?"

ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. "తీసేయమంటారా?"

"తీసేస్తే గా దినం నేను పోయిన సంగతి ఇంక యాడుంటది?"

చివరికి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఉత్తరం కింద కొట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు వచ్చిన వ్యానూ, గిన్నెలూ తమవి కావనీ, ఆ పెద్దాయన ఎదురుగా ఉన్న ఫలానా షాపాయన అనీ. నా షాపు పేరు రాశాడు. ఆ పేరు మీద నొక్కితే నా సైట్ తెరుచుకునేటట్టు పెట్టాడు. పైకి చదివి వినిపించాడు.

"సరేనా అండి బాబాయ్‌గారూ?"

"ఐదు వందల మంది లెక్క గూడ సరిజెయ్" అన్నాను.

"చేస్తానండి."

స్పైరల్ నోట్సులో ఒక మాట ఉంది. పేరున్న సైట్ ఒకటి నీ సైట్ వైపు వేలు చూపిస్తే, వెతికే యంత్రం నిన్ను నమ్ముతుంది. చదివినప్పుడు, మనకు వేలు చూపించేవాడెవడని తిప్పేసిన పేజీ అది. కొన్ని వారాల్లో నా షాపు మొదటి పేజీకి వచ్చింది. నేను రాసిన రాతకు నాలుగో పేజీ దాకా వచ్చాను. మిగతా దూరం ఎవరి వేలు పట్టుకుని వచ్చానో నాకు బాగా తెలుసు. ఆ తర్వాత కూడా బంద్‌లు వచ్చాయి. షట్టర్ దించాను, సైట్ మాత్రం మూయలేదు. ఈ సంగతి శిబిరంలో ఎవరికీ చెప్పలేదు.

హాలు అమ్మాయి ఫోన్ చేసింది. "పెద్దనాయినా, ఇప్పుడు మంచిగ కనవడ్తున్నవ్. వైశాఖం పెండ్లిళ్లకు గిన్నెలు నువ్వే చూస్కో. మంటపాలు ఆయన చూస్తడు. ఆయనను అడిగిన, సరే అన్నడు."

"ఆయన సరే అన్నడా?"

"ఆఁ, సంతోషంగనే అన్నడు."

నా హాలులో నా గిన్నెలకు ఆయన సమ్మతి. వద్దు అనబోయాను. షాపు నిలబడాలి. సరే బిడ్డా అన్నాను. ఇంటికి పోయి చెబితే మా ఇంటామె, "హాలు ఒచ్చింది గద, ఇంకేం గావాలె నీకు?" అంది.

"ఆయన పేరు కింద ఒస్తున్న."

"కిందనో మీదనో, ఉన్నవ్ గదా!"

ఆమెకు ఎంత చెప్పినా అర్థం కాదు. వైశాఖంలో మొదటి పెళ్లికి దేగిషాలు దించి, అందరి భోజనాలూ అయ్యాక తిరిగొస్తూ, చేతుల మసి కడుక్కోకుండానే నెట్ సెంటర్‌లోకి పోయాను. కీబోర్డు పాడవుతుందని అక్కడివాళ్లు గొణిగారు. మా ధంధా పేరు, మా ఏరియా పేరు కొట్టాను. ఆయన ఇంకా పైనే ఉన్నాడు.